గెలిస్తే ఎకరం, ఓడితే ఎడ్లు

మా గూడెంలో ఒక పెద్దాయన ఉన్నాడు. మూడెకరాల మెట్ట ఆయన తండ్రి నాటిది. తండ్రి హయాంలో వడ్ల అప్పు కింద ఆ భూమి ఒక గిరిజనేతరుడి చేతిలోకి పోయింది. అప్పు తీరిందో లేదో తెలియదు, భూమి మాత్రం తిరిగి రాలేదు. పెద్దాయన కేసు వేశాడు. తొమ్మిదేళ్లు తిరిగాడు. ఆయన కూతురు ఇంటర్ దాకా చదివింది. ఆ పిల్ల తన పాత నోటు పుస్తకం వెనక పేజీల్లో ఖర్చులు రాసి పెట్టింది. వకాలతు, స్టాంపులు, టైపు, గుమస్తాకు, వాయిదాకు, బస్సుకు, భోజనానికి, మళ్లీ వాయిదాకు, మళ్లీ గుమస్తాకు. పేజీలు తిప్పుతుంటే ఒకచోట 'ఎడ్లు' అని ఒక్క మాటే ఉంది. అంకె లేదు. అడిగితే, ఆ నెల ఎడ్ల జత అమ్మి డబ్బంతా లాయరు గారికి ఇచ్చామని చెప్పింది. ఇంకో చోట 'అమ్మ కడియాలు' అని ఉంది.

చివరికి కేసు విచారణకు వచ్చే సమయానికి లాయరు గారు కొత్త మాట చెప్పారు. 'నీ దగ్గర ఇంక డబ్బులేమీ లేవు కదా. గెలిస్తే ఒక ఎకరం నేను చెప్పిన మనిషి పేరు మీద రాసివ్వు' అన్నారు. పెద్దాయన తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి వచ్చాడు. మేం కోపగించుకుంటే, 'ఎకరం పోయినా రెండెకరాలు మిగులుతాయి కదా బాబూ' అన్నాడు.

ఈ వ్యాసం ఆ మాటకు జవాబు. పెద్దాయన మీద మాకు కోపం లేదు. ఆయన చేత ఆ మాట అనిపించిన పద్ధతి మీదే మా కోపం.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పుకుందాం. లాయరు ఫీజు తీసుకోవడం తప్పని మేం అనడం లేదు. పని చేసినవాడికి కూలి ఇవ్వాలి. తునికాకు కట్టకు రేటు కోసం కొట్లాడిన మనకు ఆ న్యాయం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ తునికాకు కట్టకు రేటు ముందే చెప్తారు. కల్లంలో లెక్క రాస్తారు. లాయరు ఫీజుకు మాత్రం మన దగ్గర రేటూ ఉండదు, లెక్కా ఉండదు, రశీదూ ఉండదు. ఒకప్పుడు సంతలో షావుకారు తన కుంచంతోనే మన చింతపండు కొలిచేవాడు. ఆ మోసం ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, కాటా తెచ్చారు. కోర్టు దగ్గర మాత్రం ఈ రోజుకీ కుంచం అవతలివాడి చేతిలోనే ఉంది.

లాయర్లు ఫీజు తీసుకునే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. ఒకటి, మొత్తం కేసుకు గుత్త. రెండు, దశల వారీగా: నోటీసుకు ఇంత, దావా వేయడానికి ఇంత, స్టేకు ఇంత, సాక్ష్యానికి ఇంత, వాదనకు ఇంత. మూడు, వాయిదాకు ఇంత. నాలుగు, గెలిస్తే వాటా.

గుత్తలో ఒక మేలుంది. కేసు సాగినా ఖర్చు పెరగదు. కానీ గుత్తలో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద రాసుకోకపోతే, నకళ్లకు వేరే, స్టేకు వేరే, అప్పీలుకు వేరే అంటూ గుత్త కాస్తా దశల వారీ అవుతుంది. దశల వారీ పద్ధతి కూడా తప్పు కాదు, ఏ దశకు ఎంతో ముందే తెలిస్తే. వాయిదా పద్ధతితోనే మనకు పెద్ద ముప్పు. కేసు ఎన్నిసార్లు వాయిదా పడితే అన్నిసార్లు డబ్బు. పని జరిగినా డబ్బే, జరగకపోయినా డబ్బే. జడ్జి గారు సెలవులో ఉన్న రోజు కూడా మనవాళ్లు డబ్బు కట్టి వచ్చారు. కేసు త్వరగా తెమలాలని మనకుంటుంది. వాయిదాకు ఇంత అని తీసుకునేవాడికి ఆ తొందర ఎందుకుంటుంది? అందరు లాయర్లూ కావాలని వాయిదాలు అడుగుతారని మేం అనం. కానీ ఆలస్యం మీద ఆదాయం వచ్చే ఏర్పాటును పేదవాడి నెత్తిన పెట్టకూడదంటున్నాం.

ఇక నాలుగోది, వాటా. దీని మీద చట్టం ఏమంటోందో మన యువకులందరికీ కంఠస్థం కావాలి. లాయర్లు ఎలా నడుచుకోవాలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెప్తాయి. అందులో 20వ నియమం ప్రకారం, కేసు ఫలితం మీద ఆధారపడ్డ ఫీజు మాట్లాడుకోకూడదు, కేసులో వచ్చేదాంట్లో వాటా పంచుకునే ఒప్పందం చేసుకోకూడదు. ఇది ఏదో పాతబడిన నియమం కాదు. 2017 డిసెంబరులో తెలంగాణకు చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆమె భర్త రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. వచ్చిన నష్టపరిహారంలో శాతం లెక్కన లాయరు ఫీజు అడిగాడు. పది లక్షలు ఇచ్చాక కూడా మరో మూడు లక్షలకు చెక్కు రాయించుకుని, అది చెల్లలేదని ఆమె మీదే క్రిమినల్ కేసు పెట్టాడు. పరిహారంలో శాతం ఫీజుగా అడగడం వృత్తి ధర్మానికీ ప్రజాహితానికీ విరుద్ధమని చెప్పి సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది.

మన భూమి సంగతికొస్తే వాటా అడగడం రెండింతల తప్పు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి తెచ్చిన 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చేస్తే అది చెల్లదు. అమ్మినా చెల్లదు, దానమిచ్చినా చెల్లదు. లాయరు గిరిజనేతరుడైతే ఫీజు కింద ఆ ఎకరం తీసుకోవడానికి వీల్లేదు. వేరే గిరిజనుడి పేరు అడ్డం పెట్టి రాయించుకుంటే అది బినామీ. లాయరు మనవాడే అయినా 20వ నియమం అడ్డొస్తుంది. అంటే ఏ దారిన చూసినా ఆ ఎకరం మీద లాయరుకు హక్కు లేదు. అయినా అడుగుతున్నారు. ఎందుకు అడుగుతున్నారు? మనకు తెలియదని వాళ్లకు తెలుసు కాబట్టి. మన భూమి పరాయి చేతికి పోకూడదని వచ్చిన చట్టం కింద కేసు వేసి, ఆ కేసు పేరుతోనే మన భూమి పరాయి చేతికి పోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

ఇంకా విచిత్రం వినండి. 1/70 కింద భూమి తిరిగి ఇప్పించే అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. ఒక ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా సమాచారం ఇచ్చినా చాలు. ఎవరూ ఏమీ ఇవ్వకపోయినా అధికారి తనంతట తాను విచారణ మొదలుపెట్టవచ్చు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని అతను రుజువు చేసుకునే దాకా, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. అంటే రుజువు భారం అవతలివాడిది. ఇంత అనుకూలంగా రాసిన చట్టం కింద కూడా మన పెద్దాయన ఎడ్లు అమ్ముకున్నాడంటే తప్పు చట్టంలో లేదు. కదలాల్సిన అధికారి కదలకపోవడంలో ఉంది. ఆ కదలని బండిని లాగడానికి మన ఎడ్లు అమ్ముకుంటున్నాం.

కోర్టు కాగితం మనల్ని ముంచడం కొత్త కాదు. 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద పన్ను, ముఠాదారుల బాధలు కారణాలని పుస్తకాల్లో చదువుకుంటాం. ఇంకో కారణం కూడా ఉంది. మైదానం వ్యాపారులు కొండవాళ్లతో అప్పు పత్రాలు రాయించుకుని, దూరపు కోర్టుల్లో దావాలు వేసి, మనవాళ్లు హాజరు కాకపోతే ఏకపక్ష డిక్రీలు తెచ్చుకుని పశువులు తోలుకుపోయేవారు. ఈ మాట ఆనాటి తెల్ల ప్రభుత్వమే రాసుకుంది. ఆ తర్వాత 1917లో భూ బదిలీని కట్టడి చేసే చట్టం వచ్చింది. తర్వాత 1959, తర్వాత 1970. ప్రతి చట్టం వెనకా మనవాళ్ల కన్నీళ్లూ నెత్తురూ ఉన్నాయి. అప్పుడు డిక్రీ చూపించి ఎడ్లు తోలుకుపోయారు. ఇప్పుడు డిక్రీ తెస్తామని చెప్పి మన చేతే ఎడ్లు అమ్మిస్తున్నారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మనం ఫీజే కట్టక్కర్లేదు.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది. డబ్బు లేదని ఎవరికీ న్యాయం దూరం కాకూడదని, ఉచిత న్యాయ సహాయం రాజ్యం బాధ్యతని అది చెప్తుంది. దాని కోసం 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం వచ్చింది. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్‌లో షెడ్యూల్డు తెగలవాళ్లు ఉన్నారు. అక్కడ ఆదాయ పరిమితి మనకు లేదు. పోడు కొట్టే రైతుకూ హక్కుంది, జీతం తీసుకునే పంతులు గారికీ హక్కుంది. ఎస్టీ అయితే చాలు. లాయరు ఫీజు మాత్రమే కాదు, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, నకళ్ల ఖర్చు కూడా ఆ సహాయంలో భాగమే. జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవల అధికార సంస్థ ఉంటుంది. కింది కోర్టు దగ్గర మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. హైకోర్టుకు వెళ్లినా అక్కడా కమిటీ ఉంటుంది. ఫోను నంబరు 15100. తెల్లకాగితం మీద అర్జీ రాసుకున్నా చాలు.

ఈ ముక్క మన పెద్దాయనకు తొమ్మిదేళ్లలో ఎవరూ చెప్పలేదు. లాయరు చెప్పలేదు. గుమస్తా చెప్పలేదు. ఐటీడీఏ ఆఫీసులో చెప్పలేదు. మేమూ చెప్పలేదు. మాకూ తెలియదు కాబట్టి. ఈ సిగ్గు మాదే, దాచుకోం.

అడగకపోతే హక్కు పోతుందా? పోదు. అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో 1986లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. నిందితులు పేదవాళ్లు, లాయరు లేకుండానే విచారణ జరిగింది, శిక్ష పడింది. వాళ్లు అడగలేదు కదా అన్నారు. చదువు లేనివాడికి తన హక్కు తెలియకపోతే ఎలా అడుగుతాడు, అతనికి చెప్పాల్సిన బాధ్యత కోర్టుదే అని సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఈ తీర్పు మన పాడేరు, చింతపల్లి వైపు తల్లులకు తెలియాలి. గంజాయి కేసుల్లో మోత కూలికి వెళ్లిన కుర్రాళ్లు జైళ్లలో ఉన్నారు. తెప్పించినవాడు బయట ఉంటాడు, మోసినవాడు లోపల ఉంటాడు. 'పది రోజుల్లో బెయిల్ తెస్తా' అని డబ్బు తీసుకునేవాళ్లు ఆ తల్లుల చుట్టూ తిరుగుతున్నారు. ఆ చట్టంలో పెద్ద మొత్తం గంజాయి పట్టుబడితే బెయిల్ రావడం ఎంత కష్టమో చెప్పరు. జైల్లో ఉన్నవాడికి కూడా ఉచిత లాయరును పెట్టుకునే హక్కుందని చెప్పరు. ఏ లాయరూ ఫలితానికి హామీ ఇవ్వలేడు. హామీ ఇస్తున్నాడంటే ఆ తల్లి అక్కడి నుంచి లేచి రావాలి.

అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లోనూ ఇదే దోపిడీ. ఆ కేసు నడిపేది ప్రభుత్వం తరఫు ప్రత్యేక ప్రాసిక్యూటరు. బాధితులు కోరితే పేరున్న సీనియర్ లాయరును పెట్టి ప్రభుత్వమే ఫీజు ఇచ్చే వీలు 1995 నియమాల్లో ఉంది. కోర్టుకు వచ్చిపోయే ఖర్చులు కూడా ఇవ్వాలి. బాధితులకు వచ్చే సాయం సొమ్ము నియమాల ప్రకారం వస్తుంది, ఎవరి దయా కాదు. అందులో 'ఇప్పించినందుకు' వాటా తీసుకునేవాడు ఎవరైనా సరే, వాడు దొంగే. అటవీ హక్కుల దరఖాస్తూ అంతే. దరఖాస్తు ఫారం ఉచితం, నిర్ణయం మొదలయ్యేది గ్రామసభలో. దానికి ఫీజు పుచ్చుకునేవాడికి ఏ చట్టంలోనూ చోటు లేదు.

'ఉచిత లాయరు అంటే ఉత్త లాయరే' అని మాతో వాదించేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది, కాదనం. ప్యానెల్ లాయర్లకు ప్రభుత్వం ఇచ్చేది తక్కువ. కొందరు ఫైలు తెరవకుండానే కోర్టులో నిలబడతారు. కొందరు చాటుగా డబ్బు అడుగుతారు. కానీ దీనికి మందు ఎడ్లు అమ్మడం కాదు. ప్యానెల్ లాయరు మన దగ్గర పైసా అడగకూడదనేది నిబంధన. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి రాయొచ్చు. ఆ కార్యదర్శి న్యాయాధికారి. పని చేయని లాయరును మార్చమని అడగొచ్చు. సర్కారు బడిలో పంతులు రాకపోతే బడి మూసేయమని అనం కదా, పంతులును రప్పించమంటాం. ఇదీ అంతే.

డబ్బు పెట్టి లాయరును పెట్టుకున్నవాళ్లకూ కొన్ని హక్కులున్నాయి. మన డబ్బుకు లెక్క అడిగితే ఆ లెక్క నకలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ నియమాలే చెప్తున్నాయి. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచుకోవడానికి వీల్లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫైలు ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఫిర్యాదు చేస్తే 1961 అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ విచారించాలి. మందలింపు నుంచి పట్టా రద్దు దాకా శిక్ష ఉంది. అయితే ఇక్కడ మాకొక గొడవ ఉంది. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే లాయరు మీద ఫిర్యాదు లాయర్ల సంఘానికే చెప్పుకోవాలి. అదీ రాజధానిలో. గూడెం నుంచి అక్కడికి వెళ్లి రావడానికి ఎన్ని కూలి రోజులు పోతాయో ఎవరైనా లెక్క వేశారా? ఫీజులకు హద్దు ఉండాలని లా కమిషన్ 131వ నివేదిక 1988లోనే చర్చించింది. 2017 తీర్పులో సుప్రీంకోర్టు కూడా దీనికొక చట్టం అవసరమని గుర్తు చేసింది. ఆ చట్టం ఇప్పటికీ లేదు. ఐటీడీఏ కేంద్రాల్లో బార్ కౌన్సిల్ ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు కావాలని మేం అడుగుతున్నాం.

నల్లకోటు వేసుకున్న అందరినీ ఒకే గాట కట్టడం మాకిష్టం లేదు. కన్నబిరాన్, బొజ్జా తారకం, బాలగోపాల్ వంటివాళ్లు పేదల పక్షాన కోర్టుల్లో నిలబడ్డారు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్న 1997 సమతా తీర్పు కూడా లాయర్లు వాదిస్తేనే వచ్చింది. అవసరంలో ఉన్నవాడికి ఉచితంగా సాయపడడం లాయరుకున్న గొప్ప బాధ్యతల్లో ఒకటని వాళ్ల నియమాల్లోనే రాసి ఉంది. మేం కొత్త ధర్మం చెప్పడం లేదు. వాళ్లు రాసుకున్నదే పాటించమంటున్నాం.

ఇక మనవాళ్ల సంగతి. పెద్దాయనను ఆ లాయరు దగ్గరికి తీసుకెళ్లింది ఎవరు? మన గూడెం కుర్రాడే. డిగ్రీ చదివినవాడే. కేసుకు ఇంత అని కమిషన్ తీసుకున్నాడు. మనవాళ్లు ఖాకీ చొక్కాకు భయపడ్డట్టే నల్లకోటుకూ భయపడతారు. కోయ, కువి, సవర తప్ప తెలుగు సరిగా రాని ముసలివాళ్లు అక్కడ నోరు విప్పలేరు. ఆ భయానికీ కోర్టుకూ మధ్య వంతెనగా నిలబడాల్సిన చదువరి, అక్కడ టోలుగేటు పెట్టుకుని కూర్చున్నాడు. దళారుల ద్వారా కేసులు తెచ్చుకోవడం లాయరుకు నిషిద్ధం. 2023 సవరణ ప్రకారం కోర్టులు దళారుల జాబితా ప్రకటించవచ్చు. జాబితాలో ఉండి కూడా ఆ పని చేస్తే మూడు నెలల దాకా జైలు. తమ్ముళ్లూ, ఆ జాబితాలో మన ఇంటిపేర్లు ఉండకూడదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. నవంబరు 9 జాతీయ న్యాయ సేవల దినం. ఆ రోజు ఆశ్రమ పాఠశాలలో గంటసేపు ఈ పాఠం చెప్పండి. 15100 అనే అంకె నల్లబల్ల మీద రాయండి. పిల్లల చేత అర్జీ రాయించండి, ఇంటికెళ్లి తాతకు తమ భాషలో చెప్పమనండి. యువకులకు చెప్పేది కూడా తేలికే. ఊరివాళ్లు కోర్టుకు వెళ్తుంటే వెంట వెళ్లండి. తెల్లకాగితం మీద సంతకం, వేలిముద్ర పడనివ్వకండి. ఫీజు ఎంతో, అందులో ఏమేం ఉన్నాయో రాయించండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు అడగండి. న్యాయ సేవల సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లుగా చేరండి. వీలైనవాళ్లు లా చదవండి. చదివి వచ్చాక మీరూ ఎకరం అడగకండి.

పెద్దాయన కథ ఇంకా ముగియలేదు. ఆయన కూతురూ మేమూ కలిసి వెళ్లి ఫైలు అడిగాం. మొదట బాకీ కట్టమన్నారు. 2000 నాటి తీర్పు సంగతి ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. వారం తర్వాత ఫైలు ఇచ్చారు, వేలిముద్ర కాగితం కూడా వెనక్కిచ్చారు. న్యాయ సేవల కమిటీ ఇంకో లాయరమ్మను పెట్టింది. భూమి ఇంకా రాలేదు. వస్తుందో రాదో ఆ అధికారి చేతిలో ఉంది, మేం వెంటపడుతూనే ఉన్నాం. కానీ ఆ పిల్ల నోటు పుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. మొన్నటి వాయిదా తేదీకి ఎదురుగా బస్సు ఛార్జీ ఒక్కటే రాసి ఉంది.

ప్రతి గూడెంలో అలాంటి పేజీ ఒకటి తెరవండి.